పాతరను చూసి కొంప అన్నారు

"మీవాళ్లకు చరిత్ర ఏముంది సార్? రాజులున్నారా, కోటలున్నాయా, ఒక్క శాసనమన్నా ఉందా?"

ఒక బడిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నప్పుడు, మాతో పాటు పాఠాలు చెప్పే ఒక పెద్దమనిషి ఈ మాట అన్నాడు. కోపంతో అనలేదు. టీ తాగుకుంటూ, నవ్వుకుంటూ, మన మేలు కోరినట్టే అన్నాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయిన మొదటి తరం మేము. అయినా ఆ రోజు మా నోట మాట రాలేదు. ఇప్పుడు చెప్తున్నాం. ఆయన ఒక్కడికే కాదు. ఆ మాట నమ్మి తల దించుకునే మన పిల్లలకు చెప్తున్నాం. ఆ మాటకు జవాబని లేని రాజులను పుట్టించి, ఫ్లెక్సీల మీద కిరీటాలు పెట్టి ఊరేగించే మన తమ్ముళ్లకూ చెప్తున్నాం.

ఈ జవాబు కోసం ఇంగ్లండు దాకా పోయి రావాలి. ఎందుకంటే కష్టం చేసేటోళ్లను చిన్నచూపు చూసే రోగం ఒక్క మన దేశపు చదువరులది కాదు. ఆ రోగం అక్కడా ఉండింది. దాన్ని అక్కడి నేల ఎట్లా కుదిర్చిందో రుజువులతో సహా ఉంది. అది తెలుసుకుంటే మన కాళ్ల కింద ఏముందో మనకు తెలుస్తుంది.

పైరు చెప్పిన సాక్ష్యం

ముందు మనకు తెలిసిన సంగతితోనే మొదలుపెడదాం. కలుపుకు పోయే ఏ అక్కనైనా అడగండి. ఒకటే చెలక, ఒకటే విత్తనం, ఒకటే వాన. అయినా పైరు ఒక్క తీరుగ ఎదగదు. పాత బావి పూడ్చిన కాడ, ఎప్పుడో పెంట దిబ్బ ఉన్న కాడ నల్లగా ఏపుగా లేస్తుంది. కింద బండ ఉన్న కాడ, పాత గోడ పునాది ఉన్న కాడ గిడసబారి, వాన నాలుగు రోజులు ఆలస్యమైతే అందరికంటే ముందు ఎండుతుంది. ఈ తెలివికి పట్టా అక్కర్లేదు. నడుం వంచినోళ్లకు కాళ్ల కింద తెలిసే విద్య ఇది.

ఇదే విద్యను ఇంగ్లండులో ఆకాశం మీద నుంచి చదివారు. ఎన్నడో తవ్విన కందకం పూడిపోతుంది. వందల ఏండ్లు దున్నితే పైన చదునైపోతుంది. కానీ కందకంలో నిండిన మన్ను మెత్తగా, లోతుగా, తేమ పట్టుకుని ఉంటుంది. ఎండలు ముదిరినప్పుడు చుట్టూ ఉన్న గోధుమ, బార్లీ పసుపు రంగుకు తిరిగినా, కందకం మీది పైరు ఇంకా పచ్చగానే నిలబడుతుంది. పక్కన నిలబడ్డవాడికి అది గీత అని తెలవదు. విమానంలోంచి చూస్తే మాత్రం ముగ్గు వేసినట్టు కనబడుతుంది. వాటిని మనం పైరు గీతలు అందాం.

ఈ గీతలను చదివి చూపించిన వాళ్లలో ముఖ్యుడు ఓ.జి.ఎస్. క్రాఫర్డ్. 1886లో మన బొంబాయిలోనే పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం ఎక్కి శత్రువుల కందకాలు గుర్తుపట్టే పని చేశాడు. ఆ తర్వాత ఇంగ్లండు సర్వే శాఖలో చేరి, సైన్యపు విమానాలు తీసిన ఫొటోలు ముందర వేసుకుని పాత ఊళ్ల గీతలు వెతికాడు. 1927లో యాంటిక్విటీ అనే పత్రిక పెట్టాడు. 1929లో ఆ పత్రికలో రెండు ఫొటోలు అచ్చేశాడు. అవి విల్ట్‌షైర్ జిల్లాలో, సాలిస్‌బరీ పట్నం పక్కన ఉన్న వుడ్‌బరీ పొలాల ఫొటోలు.

వాటిలో చిన్న దాని పేరు లిటిల్ వుడ్‌బరీ. పైరులో గుండ్రటి కందకం గీత. దానిలోపల సుమారు నాలుగు ఎకరాల జాగా. దారి కాడ రెండు కొమ్ముల్లాగా బయటికి సాగిన గీతలు. లోపలంతా చుక్కలు చుక్కలు, మశూచి మచ్చల్లాగా. నేల మీద రాయి లేదు, గోడ లేదు, గుడి లేదు. దున్నిన పొలం తప్ప ఏమీ లేదు. రోమన్లు వచ్చి ఆ దేశాన్ని పట్టుకోక ముందు, ఇనుప యుగంలో, అంటే రెండు వేల ఏండ్లకు పైగా కింద, అక్కడ రైతులు బతికారు. వాళ్ల పేర్లు ఒక్కటి కూడా మనకు తెలవదు. వాళ్లకు రాత లేదు. రాత లేనోళ్లను చదువుకున్నోళ్లు "చరిత్ర పూర్వులు" అంటారు. అంటే చరిత్ర గడప బయట నిలబడ్డోళ్లన్న మాట. ఆ గడప బయట నిలబడే బాధ ఏందో మనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

గుంతల్లో కాపురం చేశారట!

ఆ చుక్కలు ఏమిటి? గుంతలు. సుద్దనేలలో లోతుగా తవ్విన గుండ్రటి గుంతలు. అట్లాంటి గుంతలు దక్షిణ ఇంగ్లండు అంతటా బయటపడ్డాయి. వాటిల్లో కుండ పెంకులు, ఎముకలు, బూడిద, విరిగిన పనిముట్లు దొరికాయి. దాంతో పెద్ద పెద్ద పండితులు ఏం తేల్చారో తెలుసా? ఈ జనం గుంతల్లోనే కాపురం చేశారు అన్నారు. పైన ఇంత గడ్డి కప్పుకుని, తమ చెత్తలోనే తాము పండుకుని, నక్కలు బొరియల్లో ఉన్నట్టు ఉండేవాళ్లు అన్నారు. పుస్తకాల్లో రాశారు. "గుంత ఇండ్లు" అని పేరు పెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి ముప్పై నలభై ఏండ్లు ఇది చాలామంది ఒప్పుకున్న చరిత్ర.

ఒక్క ప్రశ్న వేసుకుంటే సరిపోయేది. వానలు తెగ కురిసే దేశంలో, పిల్లాజెల్లా ఉన్నోడు ఎవడైనా నీళ్లు నిలిచే గుంతలో కాపురం పెడతాడా? ఆ ప్రశ్న వాళ్లకు ఎందుకు తట్టలేదు? ఎదుటోడు మనలాంటి మనిషే అనుకుంటే తట్టేది. మొరటోడు, అడవిమనిషి అని ముందే అనుకుంటే ఎట్లా తడుతుంది?

ఆ మాట అంతకు ముందు నుంచే నడుస్తున్నది. క్రీస్తు పూర్వం 55, 54 సంవత్సరాల్లో రోమన్ సేనాని జూలియస్ సీజర్ ఆ దీవి మీదికి రెండు సార్లు దండెత్తాడు. లోపలి ప్రాంతాల జనంలో చాలామంది గింజలు విత్తరు, పాలూ మాంసంతో బతుకుతారు, తోళ్లు కట్టుకుంటారు అని తన పుస్తకంలో రాసుకున్నాడు. దండెత్తి వచ్చినోడు కలం కూడా తన చేతనే పట్టుకున్నాడు. ఎదుటివాళ్ల చేతిలో కలం లేదు. కాబట్టి ఆయన రాసిందే సాక్ష్యమైంది. గెలిచినోడు ఓడినోడి గురించి రాసింది, తర్వాతి చదువరులు వేదంలాగా వల్లె వేయడం మనకు కొత్త సంగతా?

వెలివేయబడ్డ మనిషి వచ్చాడు

1938లో ప్రిహిస్టారిక్ సొసైటీ వాళ్లు లిటిల్ వుడ్‌బరీ తవ్వించే పని ఒక జర్మన్ మనిషికి అప్పజెప్పారు. ఆయన పేరు గెర్హార్డ్ బెర్సు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పేరున్న పురావస్తు సంస్థకు డైరెక్టరుగా ఉండేవాడు. ఆయన పుట్టుకలో యూదు రక్తం ఉందని హిట్లరు సర్కారు 1935లో ఆయనను ఆ కుర్చీలోంచి దింపింది. పనిలో తప్పు పట్టలేదు, పుట్టుకలో తప్పు పట్టింది. ఈ మాట చదువుతుంటే ఎవరి ముఖాలు గుర్తుకొస్తాయో మీకు మేము చెప్పనక్కరలేదు.

బెర్సు 1938, 1939 సంవత్సరాల్లో రెండు దఫాలు తవ్వాడు. అంతకు ముందటి వాళ్లు ఏం చేసేవాళ్లంటే, గుంతల్లో పెంకులు దొరుకుతాయి కాబట్టి గుంతలే తవ్వేవాళ్లు. గుంతకూ గుంతకూ నడుమ ఉన్న జాగాను వదిలేసేవాళ్లు. చెత్త కనబడ్డ కాడనే వెతికితే చెత్తే దొరుకుతుంది. బెర్సు నడుమ జాగా మీది మన్ను కూడా వెడల్పుగా తీయించాడు. అప్పుడు తేలింది అసలు సంగతి. గుంజలు పాతిన చిన్న చిన్న గుంతలు వరుసగా, చుట్టూ తిరిగి బయటపడ్డాయి. గుంజ కుళ్లిపోయి రెండు వేల ఏండ్లయినా, అది నిలబడ్డ చోట మన్ను రంగు వేరే ఉంటుంది. ఆ గుర్తులను కలిపితే ఇల్లు లేచి నిలబడింది. కోస్తా వైపు చుట్టిల్లు అంటారే, ఆ తీరు గుండ్రటి ఇల్లు. అడ్డకొలత సుమారు 50 అడుగులు. మన ఊరి బడి గది కంటే పెద్దది. నడిమిట్ల బరువు మోసే గుంజలు, ముందు వసారా లాంటి ద్వారం. లెక్క తెలిసిన, కొయ్యపని తెలిసిన చేతులు కట్టిన ఇల్లు.

మరి గుంతలు? గుంతల అడుగున తొక్కి తొక్కి గట్టిపడ్డ నేల లేదు. పొయ్యి పెట్టిన ఆనవాలు లేదు. అవి ధాన్యం దాచుకునే పాతరలు! కొన్నాళ్లు వాడి, పాడైనాక విడిచిపెట్టి, ఇంటి చెత్త పోసి పూడ్చుకున్నారు. నాలుగు గుంజల మీద లేపిన చిన్న గాదెల గుర్తులూ పక్కనే దొరికాయి. సీజరు గింజలు విత్తరన్నాడు గదా? ఆ నేలలోనే గింజ దాచుకునే పాతరలు చుక్కలు చుక్కలుగా పరుచుకుని ఉన్నాయి. పండితులు కొంప అన్నది కొంప కాదు, ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదిని బతికించిన గరిసె.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చి తవ్వకం ఆగింది. 1940లో బెర్సు రిపోర్టు అచ్చయింది. అదే ఏడాది ఇంగ్లండు సర్కారు ఆయనను, ఆయన భార్యను "శత్రుదేశం మనుషులు" అని పట్టుకుని ఐల్ ఆఫ్ మాన్ దీవిలో నిర్బంధించింది. సొంత దేశం పుట్టుక చూసి వెళ్లగొట్టింది. ఆశ్రయమిచ్చిన దేశం పాస్‌పోర్టు చూసి కంచెలో పెట్టింది. కంచెలో ఉండి కూడా ఆయన తోటి నిర్బంధితులను వెంట పెట్టుకుని, తుపాకుల కావలి నడుమ ఆ దీవిలో తవ్వకాలు చేశాడు. యుద్ధం అయిపోయినాక, 1950లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోని తన పాత కుర్చీలోనే మళ్లీ కూర్చున్నాడు.

వెలివేయబడ్డోడు కాబట్టే ఆయనకు నిజం కనబడిందని మేము అనం. అట్లా అంటే అందంగా ఉంటుంది కానీ నిజం కాదు. ఆయనకు పద్ధతి తెలుసు. ఓపికగా, వెడల్పుగా, ముందే తీర్పు చెప్పకుండా చూశాడు. మనం నేర్చుకోవాల్సింది అదే. కోపం మనకు కావాల్సినంత ఉంది, పద్ధతి కూడా కావాలి.

పాతరలోకి మొదట దిగింది ఎవరు?

పాతర అంటే మనకు కొత్త కాదు. మా తాతల కాలంలో పటేండ్ల గడీల్లో, పెద్ద కాపుల వాకిళ్లలో జొన్న పాతరలు ఉండేవి. గట్టి నేల చూసి మనిషి లోతుకు పైగా తవ్వి, చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన గడ్డి కప్పి మన్నుతో మెత్తేవాళ్లు. గాలి చొరబడొద్దు, నీళ్లు దిగొద్దు.

ఆ పని లోపల ఏం జరుగుతుందో ఇంగ్లండులోనే మళ్లీ పరీక్ష చేసి చూశారు. 1972 నుంచి బట్సర్ అనే చోట పీటర్ రేనాల్డ్స్ అనే ఆయన ఇనుప యుగపు సేద్యాన్ని చేసి చూపే పొలం నడిపాడు. అక్కడ పాత కాలపు తీరుగానే గుంతలు తవ్వి, గింజలు పోసి, మూత మెత్తి, చలికాలం దాటినాక తీసి చూశాడు. గోడలను అంటుకున్న బయటి గింజలు తేమకు మొలకెత్తుతాయి. మొలకెత్తుతూ లోపలి ప్రాణవాయువును వాడేసి బొగ్గుపులుసు గాలిని వదులుతాయి. ఆ గాలిలో పురుగు బతకదు, బూజు పెరగదు. బయటి పొర చెడిపోయి లోపలి గింజను కాపాడుతుంది. విత్తితే మళ్లీ మొలిచేంత బాగా ఉంటుంది లోపలి గింజ.

మా అవ్వ దీన్ని ఇంకో తీరుగ చెప్పేది. "పాతర తీసిననాడు మూత తీసి పొద్దంత ఇడిచిపెట్టేటోళ్లు కొడుకా. దీపం దించి సూసేటోళ్లు. దీపం ఆరిపోతే లోపల గాలి సచ్చినట్టు. అయినా దిగాలె గద, దొరకు ఆత్రం. దొర దిగుతడా? మీ తాతనే దింపేటోళ్లు, నడుముకు తాడు గట్టి. అంచుకున్న ముక్కిపోయిన జొన్నలు మనకు కూలి. నడిమిట్ల మంచియి దొరకు."

ఇంగ్లండు ఆయన ప్రయోగం చేసి చెప్పిందీ, మా అవ్వ చెప్పిందీ ఒకటే విజ్ఞానం. తేడా ఏందంటే ఆయన గాలిని కొలిచాడు, మా తాత గాలిని పీల్చాడు. పాతర తవ్వింది మనవాళ్లు, మెత్తింది మనవాళ్లు, ప్రాణం మీదికి తెచ్చుకుని దిగింది మనవాళ్లు. కానీ పాతర పేరు మాత్రం దొరవారి పాతర. రేపు వెయ్యేండ్లకు ఎవడో ఒకడు ఆ గడీని తవ్వితే దొర పేరు రాస్తాడు. తాడు కట్టుకుని దిగినోడి పేరు రాస్తాడా? అందుకే మేము అడిగేది రాజుల చరిత్ర కాదు. తాడు చరిత్ర అడుగుతున్నాం.

మన పాలమూరు కంచె

ఇదంతా దూరదేశం ముచ్చట అనుకోకండి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అని ఒక ఊరుంది. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పాలమూరు ఉట్నూరు. అక్కడ ఒక పెద్ద బూడిద దిబ్బ ఉంది. కృష్ణా, తుంగభద్రల చుట్టుపక్కల తెలుగు, కన్నడ నేలల్లో ఇట్లాంటి దిబ్బలు చాలా ఉన్నాయి. వీటి గురించి పురాణం చెప్పేటోళ్లు ఏం చెప్పారు? రాక్షసులను కాల్చిన బూడిద అన్నారు. హంపి పక్కన నింబాపురం దిబ్బను వాలిని కాల్చిన చితి అంటారు. చెట్టు చాటు నుంచి కొట్టి చంపినోడికి గుళ్లు, చచ్చినోడికి బూడిద దిబ్బ!

1957లో ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు ఉట్నూరు దిబ్బను తవ్వాడు. కింద రాక్షసుడు లేడు. గుంజలు వరుసగా పాతి కట్టిన పశువుల దొడ్డి బయటపడింది. చుట్టూ కంచె, లోపల పేడ. ఆ పేడ పోగుపడ్డాక కాల్చారు, మళ్లీ కంచె కట్టారు, మళ్లీ కాల్చారు. గట్టిపడ్డ ఆ నేల మీద పశువుల గిట్టల గుర్తులు కూడా దొరికాయి. నాలుగు వేల ఏండ్లకు పైబడ్డ గిట్టలు! కర్ణాటకలోని బూదిహాళ్ దిబ్బ కాడ 1990లలో కె. పద్దయ్య గారు తవ్వితే పశువులను కోసి మాంసం తీసిన జాగా బయటపడింది. ఈ దక్కన్ నేల మీద మొదట మందలు కాచినోళ్లు పశువులను పెంచారు, పేడ పోగు చేశారు, మాంసం తిన్నారు. గొడ్డుమాంసం తిన్నందుకే మనల్ని ఊరి బయట పెట్టామని చెప్పేటోళ్లు ముందు ఆ దిబ్బకు జవాబు చెప్పాలి.

అక్కడ పాతరను కొంప అన్నారు. ఇక్కడ పశువుల దొడ్డిని రాక్షసుల చితి అన్నారు. రెండు చోట్లా కష్టజీవి చేసిన పనిని చూసి మనిషి చేసిన పని అని ఒప్పుకోలేదు.

పూడిన కందకం, పూడని గీత

బాబాసాహెబ్ అంబేద్కర్ 1948లో అంటరానివారు ఎవరు అనే పుస్తకం రాశారు. పూర్వం తిరుగుడు తెగలు కొన్ని ఒక్కచోట స్థిరపడి ఊళ్లు కట్టుకున్నప్పుడు, యుద్ధాల్లో ఓడి చెదిరిపోయిన తెగల మనుషులు ఆ ఊళ్ల అంచున బతికారని, ఊరికి కావలి కాశారని ఆయన వాదన. ఇది ఒక్క మన దేశపు ముచ్చట కాదని చూపడానికి ఆయన ఐర్లండు, వేల్స్ దేశాల పాత సంగతులు తెచ్చి పక్కన పెట్టారు. అక్కడా పరాయి తెగల వాళ్లను ఊరి అంచున విడిగా ఉంచారు. మరి అక్కడ ఆ వాడలు ఇప్పుడు లేవే? ఇక్కడ ఇంకా ఉన్నాయే, ఎందుకు? ఇదీ బాబాసాహెబ్ అడిగిన ప్రశ్న. అక్కడ కాలక్రమంలో రక్తసంబంధం లెక్క పోయి, ఒక్క నేల మీది వాళ్లం అన్న లెక్క వచ్చింది, అందుకే కలిసిపోయారు. ఇక్కడ అంటరానితనం అడ్డం పడింది, అందుకే గీత నిలిచిపోయింది అన్నారు ఆయన.

లిటిల్ వుడ్‌బరీ కందకం లోపల పెద్దా చిన్నా లేరని, అందరూ సమానమేనని మేము చెప్పం. తెలవని దాన్ని చెప్పొద్దు. తెలిసింది ఒక్కటే. ఆ కందకం పూడిపోయింది. ఇప్పుడు అది ఎవరినీ లోపలోడు బయటోడు అని విడదీయదు. ఎండాకాలం పైరులో పచ్చ గీతగా కనబడుతుంది, అంతే. మన ఊళ్లలో గీత కోసం విమానం ఎక్కాల్సిన పని లేదు. ఊరికి సీసీ రోడ్డు ఎక్కడ ఆగిందో, మంచినీళ్ల ట్యాంకు ఏ దిక్కున ఉందో చూస్తే చాలు, గీత కనబడుతుంది.

ఇప్పుడు మన ఆకాశంలోనూ డ్రోన్లు తిరుగుతున్నాయి. 2020లో కేంద్రం స్వామిత్వ పథకం పెట్టి ఊళ్లలో ఇండ్ల జాగాలు డ్రోన్లతో కొలిచే పని మొదలుపెట్టింది. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది, దానిలోనూ డ్రోన్లు వాడారు. మేము యంత్రానికి వ్యతిరేకం కాదు. ఫొటో అబద్ధం చెప్పదు. కానీ ఫొటో తనంతట తాను మాట్లాడదు, చదివినోడు మాట్లాడతాడు. గుంత ఇంగ్లండులో మొదటి నుంచీ గుంతే. దాన్ని ఒకడు కొంప అని చదివాడు, ఒకడు పాతర అని చదివాడు. మన ఊరి ఫొటోను చదివే కాడ, మన శ్మశానాన్ని బంజరు అని రాసే కాడ, మనోడు ఒక్కడన్నా కూర్చున్నాడా? ఇదీ మా ప్రశ్న.

పాటిగడ్డ మీద ట్రాక్టర్లు

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మా మండలంలో ఒక ఊళ్లో మాదిగవాడ వెనక ఒక పాటిగడ్డ ఉంది. పాటిమన్ను బలమైందని ముందు నుంచీ బండ్లతో చేన్లకు తోలుకునేవాళ్లు. పాత మనుషులు బతికి, తిని, పారేసిన బూడిద, పెంట, ఎముకలు కలిసిన మన్ను అది. అందుకే పైరుకు ఎరువైంది. బండ్లతో తోలినంత కాలం గడ్డ నిలబడింది. ఇప్పుడు జేసీబీ వచ్చింది. ప్లాట్ల వెంచరుకు నేల చదును చేయడానికి రాత్రిపూట ట్రిప్పుల మీద ట్రిప్పులు పోతున్నాయి. నలుపు ఎరుపు కుండ పెంకులు, నూరుడు రాళ్లు టైర్ల కింద నలుగుతున్నాయి. గడ్డను ఆనుకుని మన శ్మశానం ఉంది. రికార్డులో గడ్డా, శ్మశానమూ రెండూ బంజరే.

అడ్డం పోయినప్పుడు ట్రాక్టరు మీదున్న తమ్ముడు, మన వాడ పిల్లగాడే, మమ్మల్ని ఒక్క మాట అన్నాడు. "సారూ, మీకు ఒకటో తారీకు జీతం పడ్తది. మాకు ట్రిప్పు పడితేనే బువ్వ. పెంకులు తింటమా?"

ఆ మాట తప్పని మేము అనం. ఆకలి తీర్చకుండా చరిత్ర పాఠం చెప్పేటోడు దొరతో సమానం. సంఘం ముందు ఆ తమ్ముళ్లకు వేరే పని చూపించాలి, ఆ బాధ్యత మాదే. కానీ తమ్ముడా, ఒక్కటి ఆలోచించు. నీ ట్రిప్పుకు నీకు కూలి వస్తుంది, గడ్డ ఖాళీ అయితే జాగా ఎవరికి వస్తుంది? గడ్డ అయిపోయినాక జేసీబీ ఎక్కడికి తిరుగుతుంది? మీ తాతను పెట్టిన కాడికే గదా? కాగితాలు వాళ్ల దగ్గర ఉన్నాయి. మన దగ్గర ఉన్న సాక్ష్యం నేల ఒక్కటే. ఆ సాక్షిని మన చేతులతోనే ట్రిప్పుకింత అని అమ్ముకుంటున్నాం.

ఆ పెంకులు చూపిస్తే పట్టా ఇస్తారని మేము అబద్ధం చెప్పం. ఆ గడ్డ మీద బతికింది మన ముత్తాతలే అని కూడా చెప్పం. ఎవరో మనకు తెలవదు. కుండ చేసినోళ్లు, గింజ నూరినోళ్లు, పశువును కాచినోళ్లు అని మాత్రం తెలుసు. కులం తెలవదు, కష్టం తెలుసు. మనకు అది చాలు. కిరీటం ఉన్న తాత కోసం వెతకడం మానేద్దాం. వాళ్ల పద్ధతిలో వాళ్లను గెలవలేం. రాజులున్నోళ్లదే చరిత్ర అని ఒప్పుకున్న క్షణానే మనం ఓడిపోయినట్టు.

కాబట్టి ప్రతి ఊళ్లో సంఘం వాళ్లు ఈ నాలుగు పనులు చేయాలని కోరుతున్నాం.

ఒకటి, మీ ఊరి పాటిగడ్డ, బూడిద దిబ్బ, పాత శ్మశానం ఎక్కడున్నాయో రాసిపెట్టండి. ఫోన్లు అందరి చేతుల్లో ఉన్నాయి, నాలుగు దిక్కుల నుంచీ ఫొటోలు తీసి తేదీ వేయండి. ఎండలు ముదిరిన నెలల్లో ఏ చేన్లో పైరు గీతలుగా, గుండ్రంగా పచ్చగా నిలిచిందో కలుపుకు పోయే అక్కలను అడిగి రాయండి. వాళ్లే మన విమానాలు.

రెండు, గ్రామసభలో తీర్మానం పెట్టించండి. కలెక్టరుకు, పురావస్తు శాఖకు దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. రసీదు లేని దరఖాస్తు గాలికి చెప్పిన మాట.

మూడు, గుప్తనిధులు ఉన్నాయని ఎవడన్నా పలుగు పట్టుకుని వస్తే తరమండి. మన పిల్లలను కూడా తవ్వనీయకండి. పెంకు దాని జాగాలో ఉంటేనే సాక్ష్యం. జేబులోకి వస్తే అది రాయితో సమానం. గుంజ గుర్తు ఒక్కసారి తవ్వితే మళ్లీ రాదు.

నాలుగు, ముసలోళ్ల మాటలు రాసుకోండి. పాతరలో దిగినోళ్లు, గడీకి మన్ను మోసినోళ్లు, చెరువు కట్ట పోసినోళ్లు పోతున్నారు. వాళ్లు పోతే ఆ గ్రంథాలయం మళ్లీ తెరుచుకోదు.

ఇక, టీ తాగుకుంటూ మా చరిత్ర అడిగిన పెద్దమనిషికి ఒక్క మాట. అయ్యా, మాకు కోటలు లేవు. మీరు చెప్పే కోటల రాళ్లు మోసింది మేము. మాకు శాసనాలు లేవు. రాయనీయనిది మీ పెద్దలు. మీరు పుస్తకాల్లో గుంత అని రాసిన ప్రతి చోట మేము గింజ దాచిపెట్టాం. తవ్వితే వస్తుంది. తవ్వే రోజు వచ్చేదాకా ఆ నేలను కాపాడుకుంటాం.

ఈ నెలాఖరు ఆదివారం పొద్దున ఆ పాటిగడ్డ కాడ కూడుదాం. ట్రాక్టరు తమ్ముళ్లు కూడా రావాలి. ముందు వాళ్ల పని సంగతి మాట్లాడి, తర్వాత గడ్డ సంగతి మాట్లాడుదాం.

జై భీమ్.